బొటనవేలి తీగ

2024 జూన్ 16, ఆదివారం

తమ్ముణ్ణి రాత్రి విమానం ఎక్కించి వచ్చాం. ఇంటి నుంచి డిపార్చర్ గేటు దాకా పన్నెండు నిమిషాలు. దూరపు ఊళ్ల వాళ్లు జీపులు మాట్లాడుకుని, పులిహోర కట్టుకుని, ఇరవై మంది వచ్చి ఏడ్చి పోతారు. మేం కూరగాయలకు పోయినట్టు పోయి వస్తాం. లోకమంతా శంషాబాద్ మీదుగా అమెరికా పోతుంది. మేం శంషాబాద్‌లోనే ఉన్నాం.

పోతూ పోతూ అన్నాడు: “అక్కా, ఆ నల్ల పెట్టె నీ రూంలనే పెట్టిన. వాపస్ తీస్కపోతే మళ్ల అల్మారల పడుంటది. నీకు వీణ వస్తది గద, నువ్వు నేర్చుకో.”

వాడుండేది నార్త్ కరోలినాలో, కేరీ అనే ఊళ్లో. పక్కన రాలీలో 2013 నుంచి ఏటా బ్లూగ్రాస్ సంగీతం పండుగ జరిగేది. అక్కడ విని ముచ్చటపడి బ్యాంజో కొన్నాడు. వారం నేర్చుకున్నాడు, ఐదేళ్లు దాచాడు, ఇప్పుడు నాకు అంటగట్టాడు.

నాకు వీణ వచ్చనేది ముప్పై ఎనిమిదేళ్ల కిందటి మాట.

జూన్ 17, సోమవారం

బక్రీదు సెలవు. పెట్టె తెరిచాను. డప్పుకు పొడుగాటి మెడ తగిలించినట్టుంది. గుండ్రటి చట్రం, దానిమీద తెల్లటి పొర, చుట్టూ బిగించే కొక్కేలు. తీగలు ఐదు. నాలుగు తీగలు పై కొస నుంచి వస్తాయి. ఐదోది మాత్రం మెడ మధ్యలో, ఐదో మెట్టు దగ్గర, పక్కకు పొడుచుకొచ్చిన తన సొంత బిరడా నుంచి మొదలవుతుంది. అన్నిటికన్నా పొట్టిది, అన్నిటికన్నా హెచ్చు శ్రుతిది. అయినా ఒళ్లో పెట్టుకుంటే అన్నిటికన్నా పైన, మన మొహానికి దగ్గరగా ఉంటుంది. ఇంట్లో చిన్నదాన్ని పైన కూచోబెట్టినట్టు.

తీగల్ని మోసే గుర్రం పడిపోయి పెట్టెలో దొర్లుతోంది. వీణకు గుర్రాన్ని కదలకుండా బిగిస్తారు. దీనికి జిగురు లేదు, మేకు లేదు. తీగల ఒత్తిడికి నిలబడే చిన్న చెక్కముక్క. దానికి మూడు కాళ్లు. ఎక్కడ నిలబెట్టాలి? తమ్ముడికి ఫోన్ కొడదామంటే వాడింకా గాలిలోనే ఉన్నాడు.

లెక్కల టీచర్ని. టేపు తీశాను. తీగను సరిగ్గా సగం చేస్తే పై స్థాయి స్వరం వస్తుంది. ఆ సగం పన్నెండో మెట్టు మీద పడాలి. పై కొస నుంచి పన్నెండో మెట్టుకు 33 సెంటీమీటర్ల చిల్లర. అక్కణ్నించి మళ్లీ అంతే దూరంలో గుర్రాన్ని నిలబెట్టాను. తర్వాత చెవితో సరిచూశాను. పన్నెండో మెట్టు మీద వేలు ఊరికే ఆనించి మీటితే గంటలాంటి నాదం, నొక్కి మీటితే మామూలు స్వరం. రెండూ ఒకటయ్యే దాకా గుర్రాన్ని వెంట్రుకవాసి జరపడం. ముప్పావుగంట పట్టింది. వాయించింది ఏమీ లేదు గానీ ఇవాళ నాకు తృప్తిగా ఉంది.

జూన్ 23, ఆదివారం

నేను నేర్చుకోబోయే వాయింపు పద్ధతిని క్లాహ్యామర్ అంటారట. వడ్రంగి మేకులు పీకే సుత్తికి ఉన్న పేరే. చేతిని పంజాలా ముడిచి, సుత్తిలా దించాలి. వీడియో పెట్టుకుని కూచున్నాను.

మొదటి దెబ్బ: చూపుడువేలి గోరు వెనకభాగంతో ఒక తీగను పైనుంచి కిందికి కొట్టడం. రెండోది: అదే గోటితో రెండుమూడు తీగల్ని కలిపి దువ్వడం. మూడోది: బొటనవేలితో ఆ పొట్టి తీగను మీటడం. వాళ్లు దీన్ని బమ్-డిటీ అని పలుకుతారు. నా నోటికి ‘తాం-తక’ అని వస్తోంది. తాం సగం, త పావు, క పావు. ఏడో తరగతి భిన్నాలు. రాయడానికి ఒక్క లైను.

చేయి మాత్రం ఒప్పుకోవడం లేదు. వీణ మీద చూపుడువేలు, నడిమివేలు లోపలికి ముడుచుకుంటూ మీటుతాయి. ఇక్కడ వేళ్లు కదలనే కూడదు. ముడిచినవి ముడిచినట్టే ఉండాలి, మణికట్టు దిగాలి. తలుపు తట్టినట్టు. నా వేలు తీగను చూడగానే పాత పరిచయం కొద్దీ లోపలికి గీకుతోంది. ఏమీ రానివాళ్లకు ఇది తొందరగా వస్తుందేమో. నాకు ముందు వచ్చింది మర్చిపోవాలి.

మా ఆయనకు కార్గోలో రాత్రి డ్యూటీ. పొద్దున ఏడుకు వచ్చి పన్నెండు దాకా పడుకుంటారు. పొర వెనక పాత చేతి తువ్వాలు కుక్కితే శబ్దం మూడో వంతుకు తగ్గింది. చెక్కపెట్టె మీద దరువేసినట్టుంది. చాలు.

జూన్ 30, ఆదివారం

రాత్రి మనవాళ్లు ప్రపంచకప్ గెలిచారు. తెల్లారేదాకా పటాకులు. ఆట జరిగింది బార్బడోస్‌లో.

పొద్దున బ్యాంజో చరిత్ర చదువుతుంటే మళ్లీ అదే పేరు. హాన్స్ స్లోన్ అనే వైద్యుడు 1687లో జమైకా పోయి, 1707లో అచ్చేసిన పుస్తకంలో అక్కడి బానిసల వాద్యాల బొమ్మ వేయించాడు. బుర్రకు తోలు కప్పి, కర్ర గుచ్చి, తీగలు కట్టినవి. ఆ పుస్తకం పొడుగాటి పేరులో బార్బడోస్ కూడా ఉంది. ఆఫ్రికా నుంచి ఓడల్లో కుక్కి తెచ్చినవాళ్లకు వాద్యాలు తెచ్చుకునే వీలేముంటుంది? చేతుల్లో జ్ఞాపకం ఉంది, కొత్త నేలమీద సొరకాయ కాసింది. బ్యాంజో అక్కడ పుట్టింది.

నేననుకున్నది టోపీలు పెట్టుకున్న తెల్ల రైతుల వాద్యమని. సినిమాల వల్ల.

ఇంకో సంగతి. సెనెగల్, గాంబియా ప్రాంతాల్లో జోలా జాతి రైతులు వాయించే అకోంటింగ్ అనే బుర్ర వాద్యం ఇప్పటికీ ఉంది. మూడు తీగలు. అందులో ఒకటి పొట్టిది, బొటనవేలిది. చూపుడువేలి గోటితో పైనుంచి కిందికి కొట్టడమే. తువ్వాలు కుక్కి నేను నానా తంటాలు పడుతున్న దెబ్బ అదే. ఇన్ని వందల ఏళ్లలో చెక్క మారింది, తోలు మారింది, తీగ మారింది. చేతి దెబ్బ మారలేదు.

జులై 2, మంగళవారం

గోరు విరిగింది. ఒక పక్క అంట్లు, ఒక పక్క సుద్దముక్క, ఎట్లా ఉంటుంది! వీణకు తొడిగే తీగ మీటు ఇంట్లో ఉంటే పెట్టి చూశాను. అది వేలి కడుపు వైపు మీటడానికి చేసింది, ఇక్కడ దెబ్బ వేలి వీపుది. కొన్నాళ్లు సెలవు.

జులై 7, ఆదివారం

గోల్కొండలో ఇవాళ బోనాలు మొదలు. మా వీధిలో ఇప్పట్నించే డప్పులు సవరిస్తున్నారు.

కింది ఇంటి భాయ్‌సాబ్ మెట్లమీద ఆపి అడిగారు: “టీచరమ్మా, మీరు బ్యాంజో నేర్చుకుంటున్నరంట గదా, మాషా అల్లా! నాకు చెప్పొద్దా?” ఆయన జహంగీర్ పీర్ దర్గాలో కవ్వాలి పార్టీతో బ్యాంజో వాయిస్తారు. కొత్తూరు దాటాక, అందరూ జేపీ దర్గా అనేది. పైకి పిలిచి చూపించాను. చూసి నవ్వారు. “ఇది బ్యాంజో ఎట్ల అయితది? బటన్లు ఏవి?”

ఆయనది బుల్‌బుల్ తరంగ్. పొడుగాటి పెట్టె, తీగలు, వాటిమీద టైప్‌రైటర్‌లా మీటలు. ఎడమచేత్తో మీటలు నొక్కుతూ కుడిచేత్తో తీగల్ని గీకుతారు. మన దేశంలో బ్యాండు మేళం వాళ్లనడిగినా, కవ్వాలి వాళ్లనడిగినా బ్యాంజో అంటే అదే. దాని పుట్టిల్లు జపాన్. 1912లో నగోయా పట్టణంలో మోరిటా గోరో అనే ఆయన తైషోగోతో అని చేశాడు. ఆ యేడే మొదలైన తైషో చక్రవర్తి కాలం పేరు పెట్టాడు. అది ఇక్కడికొచ్చి కొత్త పేరుతో బతుకుతోంది. కాబట్టి మా మెట్లమీద ఇవాళ ఎదురుపడ్డవి రెండు బ్యాంజోలు. ఒకటి ఆఫ్రికా మనవరాలు, ఒకటి జపాన్ మనవడు. పేరు తప్ప చుట్టరికం లేదు.

భాయ్‌సాబ్ నా తాం-తక విని ఒక్కటే మాట అన్నారు: “చెయ్యి భయపడుతున్నది. పాట తప్పితే తప్పనియ్యండి, చెయ్యి నిల్వొద్దు. కవ్వాలిల మేం నిలిస్తే పాడెటోడు ఏడవోవాలె?”

జులై 17, బుధవారం

మొహర్రం సెలవు. ఇవాళ చిక్కుముడి విడింది. మర్చిపోకుండా రాస్తాను.

ఇన్నాళ్లూ మూడో దెబ్బకు బొటనవేలిని ప్రత్యేకంగా తీసుకెళ్లి పొట్టి తీగను వెతుక్కుంటున్నాను. అందుకే ఆలస్యం. వీడియోను నిదానం చేసి పదిసార్లు చూశాను. ఆ వాయించే ఆవిడ బొటనవేలు వెతకడం లేదు. మొదటి దెబ్బకు గోరు కింది తీగను తాకిన క్షణంలోనే బొటనవేలు వచ్చి పొట్టి తీగమీద వాలుతోంది. రెండో దెబ్బకూ అంతే. మీటేది ఒక్క మూడోసారే, వాలడం మాత్రం ప్రతిసారీ. చేయి పైకి లేస్తుంటే తీగ దానంతటదే జారి మోగుతుంది. అంటే మూడో దెబ్బ దెబ్బ కానే కాదు. చేయి లేవడమే.

చేసి చూశాను. తాం-తక. తాం-తక. పావుగంట ఆగలేదు.

వీణమీద ఈ పని చిటికెన వేలిది. పక్కన మూడు తాళపు తీగలుంటాయి, షడ్జమానికి, పంచమానికి, పై షడ్జమానికి శ్రుతి చేసి. రాగం ఎక్కడ తిరుగుతున్నా చిటికెన వేలు వాటిని పైకి మీటుతూ తాళం చూపిస్తుంది. చిన్నప్పుడు మా టీచరమ్మ ఎప్పుడూ తిట్టింది దీనికే. “రాగం నీ దగ్గరుంది, తాళం నా దగ్గర పెట్టిపోయినవ్” అనేది. నాకు గమకాల మీద మోజు, చిటికెన వేలు మీద చిన్నచూపు. ఇప్పుడు ఆ బాకీ బొటనవేలు తీరుస్తోంది.

జులై 21, ఆదివారం

శ్రుతులు రాసుకున్నాను, నా భాషలో. వాళ్లు మామూలుగా పెట్టేది: పొట్టి తీగ పై స, తర్వాత మంద్ర ప, స, గ, ప. ఊరికే కొట్టినా తీపిగా ఉంటుంది, కానీ అంతర గాంధారం ఎప్పుడూ మోగుతూనే ఉంటుంది. ఆ గాంధారం పడని పాటకు పనికిరాదు. ఇంకో శ్రుతి: పొట్టి తీగ పై ప, తర్వాత స, ప, పై స, పై రి. ఇది నాకు నచ్చింది. తంబురా పక్కన కూచున్నట్టుంది. పాటకో శ్రుతి మార్చుకోవడం వీళ్ల అలవాటు. బిరడాలు తిప్పడంలోనే నా సగం పొద్దు పోతోంది.

ఆగస్టు 15, గురువారం

బడిలో జెండా పండుగ. పిల్లలు ఎప్పట్లాగే ‘హమ్ హోంగే కామ్‌యాబ్’ పాడారు. ‘వి షల్ ఓవర్‌కమ్’కు హిందీలో గిరిజా కుమార్ మాథుర్ కట్టిన పాట. ఇంగ్లీషు పాటను ఊరూరా మోసుకెళ్లినవాళ్లలో పీట్ సీగర్ ఒకడు, ఆయన చేతిలో ఉన్నది ఐదు తీగల బ్యాంజో. 1948లో ఆయన బ్యాంజో నేర్చుకునేవాళ్ల కోసం ఒక పుస్తకం రాసి సైక్లోస్టైల్ చేయించాడు. ముప్పై ఏళ్లుగా ఈ పాట పిల్లలతో పాడిస్తున్నాను. దీని వెనక నా ఒళ్లో ఉన్న వాద్యమే ఉందని ఇవాళ గాని తట్టలేదు.

అయితే సీగర్ అలవాటుగా వేసే మొదటి దెబ్బ కిందినుంచి పైకి. క్లాహ్యామర్‌లో వేలి పనంతా పైనుంచి కిందికే. మూడువేళ్లకు మీట్లు తొడిగి వానలా కురిపించే ఎర్ల్ స్క్రగ్స్ బాణీ మళ్లీ వేరు. బ్లూగ్రాస్ అంటే అది. తమ్ముడు రాలీలో విని మురిసింది దాన్ని, వీడియోలో మొదలుపెట్టింది క్లాహ్యామర్‌ను. వారానికి ఎందుకు వదిలేశాడో ఇప్పుడు అర్థమైంది.

సెప్టెంబర్ 1, ఆదివారం

నిన్నటి నుంచి ఒకటే వాన. ఖమ్మంలో మున్నేరు, బెజవాడలో బుడమేరు ఊళ్లమీద పడ్డాయి. టీవీ కట్టేయబుద్ధి కాదు, చూడబుద్ధీ కాదు. రేపు బడులకు సెలవన్నారు.

మధ్యాహ్నం వాద్యం తీస్తే శ్రుతి దిగి ఉంది. పొర ప్లాస్టిక్‌ది కాబట్టి సరిపోయింది. పాతకాలంలో దూడ తోలో, మేక తోలో ఉండేది. ఇట్లాంటి రోజు దాని గొంతు పూర్తిగా మూగబోయేది. బోనాల్లో మా ఏడో తరగతి పిల్లవాడి నాన్న డప్పు కాచడం చూశాను. గడ్డి మంట వేసి, డప్పును దానిమీద అటూ ఇటూ ఆడిస్తూ, మధ్యమధ్య వేలితో కొట్టి వింటూ. తోలు మాట్లాడేదాకా కాచి, అప్పుడు మెడకు వేసుకున్నాడు. ఇక్కడ ఆ మంట పని కొక్కేలు చేస్తాయి. ఒకదాన్ని పావు తిప్పు, ఎదురుగా ఉన్నదాన్ని పావు తిప్పు. వరసగా ఒకే పక్క బిగిస్తే పొర వాలిపోతుంది.

సెప్టెంబర్ 8, ఆదివారం

వాయించలేదు.

సెప్టెంబర్ 15, ఆదివారం

మా ఆయన నిద్ర లేచి, టీ తాగుతూ అడిగారు: “ఇది మన మొగిలయ్య కిన్నెర లెక్క లేదూ?”

మూణ్నెల్లుగా సెనెగల్, జమైకా, అమెరికా తిరుగుతున్నాను. ఇంటి ముందు 44వ నంబర్ రోడ్డు ఎక్కి పాలమూరు వైపు చూడలేదు. దర్శనం మొగిలయ్యది నాగర్‌కర్నూల్ జిల్లా. పన్నెండు మెట్ల కిన్నెర. వెదురు బొంగు, సొరబుర్రలు, తీగలు. పండుగ సాయన్న కథ, మియాసాబ్ కథ దానిమీదే పాడతారు. 2022లో పద్మశ్రీ ఇచ్చారు, ‘భీమ్లా నాయక్’ సినిమాలో ఆయన గొంతు రాష్ట్రమంతా విన్నది. ఈ యేడు మే నెలలో ఆయన కూలిపని చేస్తున్న వీడియో కూడా రాష్ట్రమంతా చూసింది.

అక్కడా అంతే. బానిసల బుర్ర వాద్యాన్ని పంతొమ్మిదో శతాబ్దంలో తెల్లవాళ్లు మొహానికి మసి పూసుకుని వేదికల మీద వాయించి సొమ్ము చేసుకున్నారు. తర్వాత అది ఎవరిదో లోకం మర్చిపోయింది. ఇప్పుడు రియానన్ గిడెన్స్ లాంటి నల్లజాతి కళాకారులు మళ్లీ చేతిలోకి తీసుకుని మాదే అంటున్నారు. ఈ ఫిబ్రవరిలో వచ్చిన బియాన్సే పాట ‘టెక్సాస్ హోల్డెమ్’ మొదట్లో వినిపించే బ్యాంజో ఆవిడదే. మేనకోడలు తెగ వింటుంది, వాళ్ల నాన్న పెట్టెలో ఉన్నది అదే వాద్యమని దానికి తెలియదు.

వాద్యాన్ని చులకన చేసేది దాని నాదాన్ని బట్టి కాదు, ఎవరి చేతిలో ఉందో దాన్ని బట్టి. పనస మానుతో చేసి దంతం చెక్కిన వీణను సరస్వతి చేతిలో పెట్టాం. సొరబుర్రల కిన్నెరను డక్కలివాళ్లకు వదిలేశాం, దానితోపాటు వాళ్లనూ.

అక్టోబర్ 2, బుధవారం

ఎంగిలిపూల బతుకమ్మ. దసరా సెలవులు కూడా ఇవాళ్టి నుంచే. సాయంత్రం ఆడి వచ్చాక చప్పట్ల దరువు చెవిలో పోలేదు. బతుకమ్మ పాటలకు నాలుగైదు స్వరాలు చాలు, వరస మళ్లీ మళ్లీ అదే వస్తుంది. బ్యాంజోకు సరిగ్గా కావలసింది ఇదే. రెండో శ్రుతి పెట్టి, అమ్మ పాడే వరస ఒకటి వెతికాను. మొదటి దెబ్బలో పాట, రెండో దెబ్బలో గుంపు గొంతు, మూడో దెబ్బలో పొట్టి తీగ. పాటలో విరామం వచ్చినచోట కూడా బొటనవేలు ఆగలేదు. ఆడవాళ్లు పాట అందుకోవడంలో తడబడ్డా చప్పట్లు ఆగవు కదా, అట్లా.

అక్టోబర్ 10, గురువారం

సద్దుల బతుకమ్మ. తంగేడు దొరకడం ఏటేటా కష్టమవుతోంది. 2008 మార్చిలో విమానాలు దిగడం మొదలుకాక ముందు ఈ చుట్టుపక్కల గట్లన్నీ పచ్చగా ఉండేవి. ఇప్పుడు ఆ గట్లు వెంచర్ల కాంపౌండ్ గోడలు. బజార్లో కొన్నాం.

రాత్రి భాయ్‌సాబ్‌ను, ఆయన భార్యను పిలిచి వినిపించాను, తువ్వాలు తీసేసి. ఆయన కళ్లు మూసుకుని తొడమీద దరువేశారు. అయ్యాక, “ఇగ చెయ్యి భయపడతలేదు” అన్నారు. తన బ్యాంజో తెచ్చి అదే వరస మీటలమీద పట్టుకున్నారు. రెండో ఆవృతికే వచ్చేసింది ఆయనకు. నాకు పట్టింది ఎనిమిది రోజులు.

అక్టోబర్ 13, ఆదివారం

తమ్ముడికి పంపడానికి ఫోన్‌లో రికార్డు చేశాను. మొత్తం ఒక నిమిషం పన్నెండు సెకన్లు. మధ్యలో ఒక విమానం లేచింది, ఆ కాసేపు నా వాద్యం నాకే వినపడలేదు, చేయి ఆపలేదు. తప్పులు నాలుగు. ఎల్లుండి బడి తెరుస్తారు.